చప్పట్లు కొట్టించే క్రౌర్యం

1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చి, అడ్డుపడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు, ఆ సంగతి బయటికి పొక్కకుండా చూడటానికి అప్పటి ప్రభుత్వం చేయగలిగినంతా చేసింది. ఎమర్జెన్సీ అమల్లో ఉంది, పత్రికల మీద సెన్సార్ ఉంది, చనిపోయినవారెందరన్నది ఈనాటికీ వాదంగానే మిగిలింది. దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2025 మార్చిలో, అమెరికా అంతర్గత భద్రతా శాఖ మంత్రి క్రిస్టీ నోయెమ్ ఎల్ సాల్వడార్‌లోని ఒక మహా కారాగారానికి వెళ్లారు. గుండ్లు గీసి, ఒంటి మీద చొక్కా లేకుండా కటకటాల వెనుక గుంపుగా నిలబెట్టిన ఖైదీల ముందు నిలబడి వీడియో తీయించుకొని, దాన్ని తామే లోకానికి విడుదల చేశారు. మొదటి ప్రభుత్వం తాను చేసినది జనానికి తెలిస్తే నష్టమనుకుంది. రెండో ప్రభుత్వం తెలియకపోతేనే నష్టమనుకుంది. ఈ మార్పు ఎలా వచ్చిందో, ఎందుకు ఫలిస్తోందో విడమరచి చూడటమే ఈ వ్యాసం పని.

ముందుగా ఒక చిక్కు తీసేయాలి. తెలుగువారికి జనాకర్షక రాజకీయం అనగానే 1983 గుర్తుకొస్తుంది. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ఎన్.టి. రామారావు అధికారంలోకి రావడం, కిలో రెండు రూపాయల బియ్యం, ఢిల్లీ ముందు తలవంచని తెలుగువారి ఆత్మగౌరవం. అందులోనూ ‘మనం–వాళ్లు’ అన్న గీత ఉంది. అయితే ఆ గీతకు అవతల ఉన్నది ఢిల్లీలో కూర్చున్న అధిష్ఠానం. అది బలమైనది, దూరంగా ఉన్నది, ఆ గీత గీసినంత మాత్రాన దాని ఒంటికి దెబ్బ తగలదు. కాబట్టి జనాకర్షక రాజకీయానికి క్రౌర్యం పుట్టుకతో వచ్చిన గుణమేమీ కాదు. గీతకు అవతల నిలబెట్టినవారు బలహీనులైనప్పుడు, అంటే వలస వచ్చినవాడు, మత్తుమందు వాడేవాడు, మైనారిటీ, నిందితుడు, జైల్లో ఉన్నవాడు అయినప్పుడు, కథ మారుతుంది. బలవంతుడైన శత్రువును ఓడిస్తానని మాటిచ్చిన నాయకుడు గెలిచి చూపించాలి. బలహీనుడైన శత్రువును ఎన్నుకున్నవాడికి ఆ అవసరం లేదు, బాధపెట్టి చూపిస్తే చాలు.

కఠినమైన నిర్ణయాన్నీ క్రౌర్యాన్నీ ఒకే గాటన కట్టడమూ తప్పే. దొంగను జైల్లో పెట్టడం, అక్రమ కట్టడాన్ని కూల్చడం, అనుమతి లేకుండా వచ్చినవారిని తిప్పి పంపడం ఏ ప్రభుత్వానికైనా తప్పని పనులు, వాటిలో బాధ ఎలాగూ ఉంటుంది. నేను పెట్టుకునే పరీక్ష ఒక్కటే: ఆ పనిలోంచి అనవసరమైన బాధనూ, అవమానాన్నీ, కెమెరానూ తీసేస్తే నాయకుడికి వచ్చే రాజకీయ లాభం మిగులుతుందా? మిగిలితే అది కఠినమైన పాలన. మిగలకపోతే, ఆ బాధే అక్కడ అసలు సరుకు.

ఈ పరీక్షకు దూరదేశాలు వెళ్లనక్కరలేదు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిని అత్యాచారం చేసి, చంపి, కాల్చివేశారు. హైదరాబాద్ కొన్ని రోజుల పాటు అట్టుడికిపోయింది. ఆ కోపం సహజమైనది, న్యాయమైనది. ఫిర్యాదు చేయడానికి వెళ్లిన కుటుంబాన్ని ఇది మా పరిధి కాదంటూ తిప్పారన్న ఆరోపణ ఆ కోపానికి ఆజ్యం పోసింది, కొందరు పోలీసులు సస్పెండ్ కూడా అయ్యారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున, మృతదేహం దొరికిన చటాన్‌పల్లి దగ్గరే, నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆధారాల కోసం తీసుకువెళ్తే తుపాకులు లాక్కొని ఎదురుతిరిగారని, ఆత్మరక్షణ కోసం కాల్చవలసి వచ్చిందని పోలీసులు చెప్పారు. పొద్దెక్కేసరికి జనం అక్కడికి చేరి వంతెన మీద నుంచి పోలీసుల మీద పూలరేకులు చల్లారు. నగరంలో మిఠాయిలు పంచారు, పోలీసులకు రాఖీలు కట్టారు.

ఆ పూలరేకుల దగ్గర కాసేపు ఆగాలి. పోలీసుల వాదన నిజమైతే అది ఒక ప్రమాదం, జరగకూడని సంఘటన: నలుగురు నిందితులు విచారణకు దక్కకుండా పోయారు. ప్రమాదానికి ఎవరూ పూలు చల్లరు. పూలు చల్లినవారు ఆ వాదనను నమ్మలేదు. కావాలనే చంపారని నమ్మారు, అలా చంపినందుకే చల్లారు. కాగితం మీద ఆత్మరక్షణ, కూడలిలో శిక్ష. ఒకే సంఘటనకు రెండు కథలు పక్కపక్కనే నడిచాయి, రెండింటినీ కలిపి అడిగే అవసరం ఎవరికీ కనిపించలేదు. పొరుగు రాష్ట్ర ముఖ్యమంత్రి తమ శాసనసభలోనే తెలంగాణ ముఖ్యమంత్రినీ పోలీసులనూ అభినందించారు. న్యాయం ప్రతీకారంగా మారితే తన స్వభావాన్ని కోల్పోతుందని అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డే మరునాడే అన్నారు గానీ, ఆ మాట వినే స్థితిలో నగరం లేదు.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. పోలీసుల కథనం నమ్మదగినది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని, పదిమంది పోలీసుల మీద విచారణ జరపాలని కమిషన్ తేల్చింది. వ్యవహారం హైకోర్టుకు చేరింది. ఆ నివేదిక వచ్చిన రోజు నగరంలో పెద్ద అలజడేమీ లేదు. కారణం ఊహించడం కష్టం కాదు: కమిషన్ రెండేళ్లకు పైగా శ్రమించి నిరూపించిన విషయాన్ని జనం మొదటి రోజే నమ్మి, మెచ్చుకొని, ముందుకు సాగిపోయారు. క్రౌర్యాన్ని ‘బట్టబయలు’ చేస్తే నాయకుడు దెబ్బతింటాడని నమ్మే పాత్రికేయులకూ హక్కుల కార్యకర్తలకూ ఇక్కడే ఆయుధం మొద్దుబారుతుంది. దాచినదాన్నే బయటపెట్టగలం.

ఎన్‌కౌంటర్ తెలుగు నేలకు కొత్త కాదు. శ్రీకాకుళం కొండల నుంచి ఉత్తర తెలంగాణ పల్లెల దాకా దశాబ్దాల చరిత్ర ఉంది. కన్నబిరాన్ వంటి న్యాయవాదులూ పౌరహక్కుల సంఘాలూ జీవితకాలం పోరాడినదంతా ‘ఇది ఎదురుకాల్పులు కాదు’ అని నిరూపించడానికే. ఆ రోజుల్లో రాజ్యం కాదని బుకాయించేది, కాదనడంలోనే చట్టం పట్ల కనీసపు మొహమాటం ఉండేది. ఎన్‌కౌంటర్ మరణాలపై విచారణ ఎలా జరగాలో 2014లో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది కూడా ఆ మొహమాటం మీద నమ్మకంతోనే. 2019లో పోయినది ఆ మొహమాటం. చటాన్‌పల్లి కాల్పులు ఏ నాయకుడి ఎన్నికల వ్యూహమూ అని నేను అనడం లేదు, అందుకు ఆధారం లేదు. అలాంటి పనికి ప్రేక్షకులు సిద్ధంగా ఉన్నారని మాత్రం ఆ ఉదయం ప్రతి పార్టీకీ తెలిసివచ్చింది.

ఆ ప్రేక్షకుల మీదే ఒక నాయకుడు మొత్తం రాజకీయ జీవితాన్ని కట్టుకున్న ఉదాహరణ ఫిలిప్పీన్స్. దావావ్ నగరానికి ఏళ్ల తరబడి మేయర్‌గా ఉన్న రోడ్రిగో డ్యుటెర్టె 2016లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ, మత్తుమందుల నేరగాళ్లను చంపి మనీలా సముద్రంలో పారేస్తానని, అక్కడి చేపలు కొవ్వెక్కుతాయని బహిరంగంగా చెప్పి గెలిచారు. ఆయన పదవీకాలంలో పోలీసు చర్యల్లో చనిపోయినవారు ప్రభుత్వ లెక్క ప్రకారమే 6,200 పైచిలుకు. గుర్తు తెలియని ముసుగు మనుషుల చేతుల్లో పోయినవారిని కలిపితే ఆ సంఖ్య ముప్ఫై వేల దాకా ఉంటుందని హక్కుల సంఘాల అంచనా. చనిపోయినవారిలో అత్యధికులు మురికివాడల పేదలు.

2016 డిసెంబరులో అక్కడి ఒక సర్వే సంస్థ తీసిన లెక్కలు ఈ మొత్తం విషయానికే కీలకం. మత్తుమందుల మీద ప్రభుత్వ పోరాటం పట్ల సంతృప్తిగా ఉన్నామన్నవారు 85 శాతం. తామో, తమకు తెలిసినవారో విచారణ లేని హత్యకు బలవుతామేమోనని భయపడుతున్నవారు 78 శాతం. అనుమానితులను ప్రాణాలతో పట్టుకోవడం ముఖ్యమన్నవారు 94 శాతం. ఈ మూడు అంకెలూ ఒకే జనానివి, ఒకే వారంలోవి. జనం రాక్షసులైపోయారని సరిపెట్టుకుంటే ఇది అర్థం కాదు. వారికి భయం ఉంది, విచక్షణ కూడా ఉంది. అయినా మెచ్చుకున్నారు. ఏళ్ల తరబడి నత్తనడక నడిచే కోర్టులు, లంచం మరిగిన పోలీసులు, నేరగాళ్లతో చేతులు కలిపే పెద్దలు ఉన్న చోట ‘ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తున్నారు’ అన్న భావన విలువ ఎంత ఉంటుందో మనకు చెప్పనక్కరలేదు. నాంపల్లి కోర్టుల చుట్టూ భూమి తగాదాతో పదిహేనేళ్లు తిరిగినవాడికి చట్టబద్ధమైన విచారణ గొప్పదనం గురించి ఉపన్యాసం ఇచ్చి చూడండి.

ఇక్కడి నుంచి ఈ వ్యూహం ప్రతిపక్షానికి ఒక ఉచ్చు బిగిస్తుంది. క్రౌర్యానికి ఎంచుకునే తొలి గురి ఎప్పుడూ ఎవరూ వెనకేసుకురాలేని మనిషే అయి ఉంటాడు: అత్యాచార నిందితుడు, ముఠా సభ్యుడు, పచ్చబొట్ల నేరగాడు. విచారణ జరగాలి కదా అని ఎవరైనా అంటే, వారు ఆ మనిషి పక్షాన నిలబడ్డట్టు కనిపిస్తుంది. ‘మీ ఇంటి ఆడపిల్లకే జరిగితే ఇలాగే మాట్లాడతారా?’ అన్న ప్రశ్న 2019 డిసెంబరులో హైదరాబాద్‌లో నోరు విప్పిన ప్రతి న్యాయవాదికీ ఎదురైంది. ఆ ప్రశ్నకు సమాధానం ఉంది గానీ, అది నాలుగు వాక్యాల సమాధానం. ప్రశ్న మాత్రం ఒక్క వాక్యం. టీవీ చర్చలో ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా? నాయకుడికి ఇందులో రెట్టింపు లాభం: తనకు మద్దతు పెరుగుతుంది, ప్రత్యర్థి తన సమయమంతా జనం అసహ్యించుకునేవారి హక్కుల గురించి మాట్లాడటంలోనే గడిపేస్తాడు.

క్రూరమైన మాట చేసే మరో పని నిజాయితీకి పూచీకత్తుగా నిలవడం. 2016 ఏప్రిల్ 17న బ్రెజిల్ పార్లమెంటు దిగువ సభలో అధ్యక్షురాలు జిల్మా రూసెఫ్‌పై అభిశంసన ఓటింగ్ జరిగినప్పుడు, జాయిర్ బొల్సొనారో అనే సభ్యుడు తన ఓటును కల్నల్ ఉస్త్రా జ్ఞాపకానికి అంకితం చేశారు. ఉస్త్రా సైనిక నియంతృత్వ కాలంలో చిత్రహింసల కేంద్రాన్ని నడిపిన మనిషి. యువతిగా ఉన్నప్పుడు చిత్రహింసలు అనుభవించినవారిలో రూసెఫ్ ఒకరు. అంతటి మాట అన్నవాడికి మర్యాదస్తుల లోకంలోకి తిరుగుదారి ఉండదని ఎవరైనా అనుకుంటారు. సరిగ్గా అదే ఆయనకు కలిసొచ్చింది. పెద్దల సభల్లో ఒకటి, జనం ముందు ఒకటి మాట్లాడే నాయకులతో విసిగిపోయినవాడికి, తిరుగుదారి మూసేసుకున్న మనిషే నమ్మదగినవాడుగా కనిపిస్తాడు. రెండున్నరేళ్లలో బొల్సొనారో అధ్యక్షుడయ్యారు. 2015 నవంబరులో ఎన్నికల సభలో ఒక వికలాంగ పాత్రికేయుడి చేతుల కదలికలను అనుకరించి నవ్వించిన డోనాల్డ్ ట్రంప్ మరుసటి ఏడాది గెలిచినప్పుడు ఆశ్చర్యపోయినవారు కూడా ఈ లెక్కనే మరిచారు. ‘ఆయన ఉన్నదున్నట్టు మాట్లాడతాడు, లోపలొకటి బయటొకటి ఉండదు’ అన్న మెచ్చుకోలు మన ఊళ్లలో ఏ నాయకుల గురించి వినిపిస్తుందో గమనించినవారికి ఈ సూత్రం కొత్తగా అనిపించదు.

నవ్వు సంగతి ఇంకా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగు రాజకీయాల్లో క్రౌర్యం ఎక్కువగా వెటకారం వేషంలోనే వస్తుంది. ఏ రోజైనా యూట్యూబ్ తెరిచి తెలుగు రాజకీయ వీడియోల మీది బొమ్మలు చూడండి: ఏకిపారేశాడు, చెడుగుడు ఆడుకున్నాడు, పరువు తీశాడు, ఉతికి ఆరేశాడు. ఆ శీర్షికల్లో విషయం ఉండదు. ఎవరు ఎవరిని ఎంత అవమానించారన్నదే ఉంటుంది. సభలో ఒకడిని చూసి అందరూ కలిసి నవ్వినప్పుడు నవ్వినవారంతా ఒక్కటవుతారు. నవ్వనివాడు అనుమానాస్పదుడవుతాడు. ఎవరైనా తప్పుపడితే ‘హాస్యం కూడా అర్థం కాదా?’ అన్న తప్పించుకునే దారి సిద్ధంగా ఉంటుంది.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో ఇది ఎంత దూరం వెళ్లిందో అందరూ చూశారు. 2019 జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి, అంతకుముందు ప్రభుత్వం ఉండవల్లిలో కట్టించిన ప్రజావేదికలో కలెక్టర్ల సమావేశం పెట్టి, ఇదే ఈ హాలులో చివరి సమావేశమని ప్రకటించి, వెంటనే దాన్ని కూల్పించారు. అది నిబంధనలకు విరుద్ధమైన కట్టడమే అన్నది ప్రభుత్వ వాదన. అందులో బలం లేకపోలేదు. కానీ అందులోనే సమావేశం పెట్టి మరీ ప్రకటించడంలో ఉన్న నాటకీయత నిబంధనల పుస్తకంలో లేదు. 2021 నవంబరులో శాసనసభ మాటలు కుటుంబం దాకా వెళ్లాయని ప్రతిపక్ష నాయకుడు విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ తరువాత అటువైపు నుంచి ‘రెడ్ బుక్’ వచ్చింది: అధికారంలోకి వస్తే ఎవరి లెక్క తేల్చాలో పేర్లు రాసిపెట్టిన పుస్తకమంటూ పాదయాత్ర సభల్లో ఎత్తి చూపించారు, సభలు హోరెత్తాయి. 2024లో ప్రభుత్వం మారిన కొద్ది రోజులకే తాడేపల్లిలో ఓడిన పార్టీ కట్టుకుంటున్న కార్యాలయ భవనం కూలింది. ఎవరు మొదలుపెట్టారన్న వాదనలోకి నేను దిగను. రెండు పార్టీల అభిమానులూ ఎదుటివారి క్రౌర్యాన్ని మాత్రమే క్రౌర్యంగా లెక్కిస్తారన్నది చాలు.

క్రౌర్యం చవక కావడం మరో పెద్ద ఆకర్షణ. ఒక ప్రభుత్వం పదివేల ఉద్యోగాలు సృష్టించాలంటే ఏళ్లు పడుతుంది. ఒక ఆసుపత్రి కట్టాలంటే టెండరు, బిల్లు, సిబ్బంది, మందులు కావాలి. ఒక బుల్డోజర్‌కు డీజిల్ చాలు, సాయంత్రం వార్తల సమయానికి ఫలితం కళ్లముందుంటుంది. హామీలు నెరవేర్చలేని ప్రభుత్వాలకు శిక్షించే దృశ్యం పనిచేస్తున్నామనడానికి రుజువుగా ఉపయోగపడుతుంది.

ఈ వాదనకు గట్టి సవాలు ఎల్ సాల్వడార్ నుంచే వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అక్కడ నాయిబ్ బుకేలె ప్రభుత్వం, 2022 మార్చి 26న ఒక్క రోజులో 62 మంది హత్యకు గురయ్యాక, అత్యవసర పరిస్థితి విధించి 80 వేలకు పైగా మనుషులను జైల్లో పెట్టింది. ఖైదీలను అర్ధనగ్నంగా, తలలు వంచి, ఒకరి వీపుకు ఒకరిని ఆనించి కూర్చోబెట్టిన చిత్రాలను ప్రభుత్వమే విడుదల చేసింది. హత్యలు నిజంగానే పడిపోయాయి. 2015లో లక్ష జనాభాకు వందకు పైగా ఉన్న హత్యల రేటు 2024 నాటికి రెండు లోపుకు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో బుకేలె సుమారు 85 శాతం ఓట్లతో తిరిగి గెలిచారు. ముఠాలకు మామూళ్లు కట్టి బతికిన చిన్న దుకాణదారుడు ఈ మార్పును ఆశీర్వాదంగా చూస్తే అతణ్ని తప్పుపట్టే అర్హత హైదరాబాద్‌లో కూర్చున్న నాకు లేదు.

కానీ ఆ లెక్కలో కొన్ని వరుసలు చిత్రాల్లో కనిపించవు. అత్యవసర పరిస్థితికి ముందే, 2021 నాటికే, హత్యల రేటు 2015తో పోలిస్తే దాదాపు ఆరో వంతుకు పడిపోయింది. ముఠా నాయకులతో బుకేలె అధికారులు రహస్యంగా బేరాలాడారని 2021 డిసెంబరులో అమెరికా ఆర్థిక శాఖ ఆంక్షలు విధిస్తూ ఆరోపించింది. పట్టుకున్నవారిలో ఎనిమిది వేల మంది దాకా నిర్దోషులని ప్రభుత్వమే ఒప్పుకొని వదిలేసింది. కస్టడీలో వందల మంది చనిపోయారని అక్కడి హక్కుల సంఘాలు నమోదు చేశాయి. అరెస్టులు నేరాన్ని తగ్గించాయనే అనుకుందాం. అరెస్టయినవాణ్ని అర్ధనగ్నంగా కూర్చోబెట్టి ఫోటో తీయడం ఏ నేరాన్ని తగ్గించింది? ఆ ఫోటో ముఠాల కోసం తీసింది కాదు. ఓటరు కోసం తీసింది. తరువాత దానికి విదేశీ గిరాకీ కూడా వచ్చింది: 2025 మార్చిలో అమెరికా రెండు వందల మందికి పైగా వెనిజులా దేశస్థులను, మొదట్లో చెప్పుకున్న ఆ మహా కారాగారానికే పంపింది. వారిలో చాలామందికి నేరచరిత్ర లేదని పత్రికలు తరువాత తేల్చాయి.

దండించే చేయే కరుణించే చేయి కూడా అయినప్పుడు ఈ రాజకీయం మరింత బలపడుతుంది. తెలంగాణలో 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, సుమారు 48 వేల మంది తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. సెప్టెంబర్ జీతాలు అందలేదు. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. సమ్మె నడుస్తుండగానే జరిగిన హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో అధికార పార్టీ 43 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచింది. 52 రోజుల తరువాత సమ్మె ఏమీ సాధించకుండా ముగిసింది. డిసెంబర్ 1న అదే ముఖ్యమంత్రి కార్మికులను ప్రగతి భవన్‌కు పిలిచి, భోజనం పెట్టి, ఆగిన జీతంతో పాటు అడగని వరాలు కూడా ఇచ్చారు. హక్కుగా అడిగినప్పుడు రానిది దయగా వచ్చింది. కార్మికుల ప్రధాన కోరిక అయిన ప్రభుత్వంలో విలీనానికి 2023 ఆగస్టులో, ఎన్నికల ముంగిట, శాసనసభ బిల్లు ఆమోదించింది. విలీనం 2019లో అసాధ్యమైన పనేమీ కాదని దాంతో తేలిపోయింది. అప్పుడు కాదన్నది ఎందుకో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

ఈ వ్యూహం ఎక్కడ బెడిసికొడుతుంది? దానికి మన చరిత్రలోనే ఒక విచిత్రమైన సాక్ష్యం ఉంది. 1977 ఎన్నికల్లో ఎమర్జెన్సీ దెబ్బకు ఉత్తర భారతంలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే కాంగ్రెస్ 42 స్థానాల్లో 41 గెలిచింది, మిగిలిన ఒక్క నంద్యాల నీలం సంజీవరెడ్డికి దక్కింది. ఎమర్జెన్సీ ఇక్కడ కూడా అమలైంది. 1975 డిసెంబర్ 1న నక్సలైట్ ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసింది ముషీరాబాద్ జైల్లోనే. కానీ 1976–77లో దేశంలో 80 లక్షలకు పైగా జరిగిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్లలో బలవంతపు వేట ఉత్తరాది పల్లెల్లో సాగినంత తీవ్రంగా ఇక్కడి పల్లెల్లో సాగలేదు. ఉత్తరాదిలో ఏ రైతుకైనా ‘రేపు నన్నే పట్టుకుపోతారేమో’ అనిపించింది. ఇక్కడ ఉరికంబం ఎక్కినవారు ‘వేరేవాళ్లు’. ఓట్ల లెక్కలో తేడా తెచ్చింది క్రౌర్యం ఎక్కువ తక్కువలు కాదు, అది ఎవరి గుమ్మం దాకా వచ్చిందన్నదే.

బొల్సొనారో పతనంలోనూ ఇదే కనిపిస్తుంది. కోవిడ్ మరణాల గురించి అడిగితే నేను కాటికాపరిని కాదని విసుక్కున్నారు, ఊపిరాడని రోగులను కెమెరా ముందు అనుకరించారు. నేరగాళ్ల మీద పనిచేసిన ఆ నోటి దురుసు ఇక్కడ పనిచేయలేదు, ఎందుకంటే వైరస్ ఆయన అభిమానుల ఇళ్లలోనూ మనుషులను తీసుకుపోయింది. దాదాపు ఏడు లక్షల మరణాల తరువాత, 2022లో రెండు శాతం కన్నా తక్కువ తేడాతో ఓడిపోయారు. ఆ తేడా అంత తక్కువ ఉండటం కూడా ఈ వ్యూహం బలాన్నే చెబుతుంది.

గురి అయినవాడు మనిషిగా కనిపించినప్పుడు కూడా చప్పట్లు ఆగుతాయి. 2018లో అమెరికా సరిహద్దులో వలస వచ్చినవారి పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసినప్పుడు అంకెలు ఎవరినీ పెద్దగా కదిలించలేదు. జూన్‌లో ఆ పిల్లలు అమ్మా నాన్నా అని ఏడుస్తున్న రికార్డింగ్ బయటికి వచ్చిన రెండు రోజులకే ట్రంప్ ఆ విధానాన్ని ఆపుతూ సంతకం చేయవలసి వచ్చింది. హైదరాబాద్‌లో 2024 ఆగస్టులో, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా మాదాపూర్‌లో ఒక సినీ ప్రముఖుడి కన్వెన్షన్ హాలును కూల్చినప్పుడు నగరం మెచ్చుకుంది. చెరువులు మింగినవారి మీద కోపం అందరికీ ఉంది, ఆ పని అవసరం కూడా. సెప్టెంబరు చివరికి మూసీ ఒడ్డున పేదల గోడల మీద అధికారులు ఎర్రరంగుతో ‘ఆర్‌బీ–ఎక్స్’ అని, అంటే ఇది నదీగర్భంలోని కట్టడమని, గుర్తులు వేయడం మొదలయ్యాక గాలి తిరిగింది. మూసీ సర్వే హైడ్రా పని కాదని వివరణలు వచ్చినా, కట్టుకున్న ఇంటి గోడ మీద ఆ గుర్తు చూస్తూ వాకిట్లో కూర్చున్న ముసలమ్మను టీవీలో చూసినవారికి శాఖల తేడా పట్టలేదు. అదే నెల చివర, అమీన్‌పూర్‌లో సెలవు రోజున కూల్చివేతలు ఎందుకు చేశారని హైకోర్టు హైడ్రా కమిషనర్‌ను గట్టిగా నిలదీసింది.

కోర్టుల పాత్ర ఇక్కడ నాకు ఆసక్తికరంగా అనిపిస్తుంది. 2024 నవంబర్ 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్‌ల ధర్మాసనం బుల్డోజర్ కూల్చివేతలపై ఇచ్చిన తీర్పులో, నిందితుడన్న కారణంతో ఇల్లు కూల్చడం రాజ్యాంగ విరుద్ధమని, పాలకులు న్యాయమూర్తి పాత్ర తీసుకోలేరని చెప్పింది. అసలు పట్టు మాత్రం ఆ సూత్రంలో కన్నా షరతుల్లో ఉంది: కనీసం 15 రోజుల నోటీసు, యజమాని వాదన వినడం, వీడియో రికార్డింగ్, ఉల్లంఘిస్తే అధికారి సొంత జేబు నుంచి నష్టపరిహారం. నేరం జరిగిన మరునాడే, జనం కోపం చల్లారకముందే కూలితేనే ఆ దృశ్యానికి విలువ. పదిహేను రోజులు ఆగితే అది మున్సిపల్ ఫైలు అవుతుంది. ఆదేశం ఇచ్చిన నాయకుడికి చప్పట్లు, సంతకం పెట్టిన అధికారికి బిల్లు అన్న పరిస్థితి వస్తే, సంతకం పెట్టే చేయి కొంచెం తటపటాయిస్తుంది.

చూసి మెచ్చుకునేవారి సంగతి ఏ తీర్పు పరిధిలోకీ రాదు. డ్యుటెర్టెను 2025 మార్చి 11న మనీలా విమానాశ్రయంలో అరెస్టు చేసి, మానవాళిపై నేరాల ఆరోపణ మీద హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి తరలించారు. సరిగ్గా రెండు నెలలకు, మే 12న, దావావ్ ఓటర్లు నిర్బంధంలో ఉన్న ఆయననే భారీ ఆధిక్యంతో మేయర్‌గా ఎన్నుకున్నారు. ప్రమాణం చేయడానికి ఆయన రాలేకపోవడంతో, వైస్ మేయర్‌గా గెలిచిన కొడుకు నగర బాధ్యతలు చేపట్టాడు.